పిల్లల పుచ్చుపన్ను: పీకించడమా, నిలుపుకోవడమా?

“పాలపన్నే గద మేడం, ఎట్లయినా ఊడేదే, పీకేయండి.” హన్మకొండలో పిల్లల దంతవైద్యం మొదలుపెట్టిన నాటి నుంచి నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఇది. రాత్రంతా దవడ పట్టుకుని ఏడ్చిన పిల్లవాడిని భుజాన వేసుకుని, పరకాల నుంచో నర్సంపేట నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తల్లి ఆ మాట అంటే తప్పు పట్టలేను. ఆ నొప్పి ఆ పూటతో పోవాలన్నదే ఆమె కోరిక. ఇంకో పక్క, పై పన్ను పీకిస్తే కండ్లు దెబ్బతింటాయన్న భయంతో, చెంప వాచి కన్ను మూసుకుపోయేదాకా ఆగి వచ్చేవాళ్ళూ ఉన్నారు. పన్ను పీకడానికీ కంటిచూపుకూ ఏ సంబంధమూ లేదు. అయితే పీకడంలో ప్రమాదమే లేదనడం కూడా నిజం కాదు. కొన్ని ప్రమాదాలు కుర్చీలోనే ఎదురవుతాయి, కొన్ని ఆ సాయంత్రం బయటపడతాయి, అన్నిటికంటే పెద్దది ఐదారేళ్ళ తరువాత, అసలు కారణం ఇంట్లో అందరూ మరిచిపోయాక కనిపిస్తుంది.

అందుకే పీకించాలా వద్దా అని అడిగేముందు ఇంకొక ప్రశ్న అడగాలని నేను ప్రతి తల్లిదండ్రులకూ చెబుతాను: ఈ పన్ను ఈ నోట్లో ఇంకా ఎన్నేళ్ళు పనిచేయవలసి ఉంది?

## ముందుగా తేల్చుకోవలసిన విషయాలు

పాలపళ్ళు మొత్తం ఇరవై. అవన్నీ ఒకేసారి ఊడవు. ముందు పళ్ళు ఒకటో రెండో తరగతిలో ఊడిపోతే, వెనుక దవడపళ్ళు ఐదారు తరగతుల దాకా ఉంటాయి. కింది వయసులు పిల్లలను బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతాయి.

| పాలపన్ను | వచ్చే వయసు | ఊడే వయసు |
|---|---|---|
| ముందు పళ్ళు, పైన నాలుగు, కింద నాలుగు | 6–16 నెలలు | 6–8 ఏళ్ళు |
| కోరపళ్ళు | 16–23 నెలలు | 9–12 ఏళ్ళు |
| మొదటి దవడపళ్ళు | 13–19 నెలలు | 9–11 ఏళ్ళు |
| రెండవ దవడపళ్ళు | 23–33 నెలలు | 10–12 ఏళ్ళు |

నాలుగేళ్ళ పాపకు వెనుక దవడపన్ను పుచ్చితే, ఆ పన్ను చేయవలసిన పని ఇంకా ఆరేడేళ్ళు మిగిలి ఉంది. పదేళ్ళ బాబుకు అదే పన్ను పుచ్చితే నెలల లెక్క మాత్రమే మిగిలి ఉండవచ్చు. పన్ను అదే, పుచ్చు అదే, నిర్ణయం మాత్రం పూర్తిగా వేరు.

ఈ పట్టికలో లేని ఒక పన్ను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆరేళ్ళ వయసులో, ఏ పాలపన్నూ ఊడకుండానే, వరుస చివర కొత్తగా ఒక దవడపన్ను వస్తుంది. అది శాశ్వత దంతం. ఏదీ ఊడలేదు కాబట్టి ఇంట్లో దానినీ పాలపన్ను అనే అనుకుంటారు. ఒకసారి ఎనిమిదేళ్ళ పాప తల్లి, ఇంకొక చోట పీకించిన పన్నును కాగితంలో చుట్టి నా దగ్గరికి తెచ్చి, దీని స్థానంలో కొత్తది ఎప్పుడు వస్తుందని అడిగింది. కాగితం విప్పి చూస్తే పాలదంతం కంటే వెడల్పైన తల, కొసలు ఇంకా పూర్తిగా మూసుకోని పొడుగాటి వేర్లు. అది ఆరేళ్ళ దవడపన్ను. దాని స్థానంలో ఇంకేదీ రాదని ఆమెకు చెప్పవలసి వచ్చిన ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. పీకే ముందు “ఇది పాలపన్నేనా, ఎక్స్‌రేలో చూశారా” అని అడగడం వైద్యుణ్ణి అనుమానించడం కాదు.

రెండవ విషయం నొప్పి తీరు. చల్లటిదో తీపిదో తగిలినప్పుడు చురుక్కుమని, వెంటనే తగ్గిపోతే పుచ్చు ఇంకా పన్ను నరానికి చేరలేదనే ఆశ ఉంటుంది. ఏదీ తినకుండానే రాత్రి నిద్ర లేపే నొప్పి అయితే నరం దెబ్బతిన్నట్టే లెక్క. చిగురు మీద చీము పొక్కు లేచి, పగిలి, మళ్ళీ లేస్తుంటే, నొప్పి లేకపోయినా అది మంచి లక్షణం కాదు. నరం చచ్చిపోయి ఇన్ఫెక్షన్ ఎముకలోకి దిగిందని అర్థం.

మూడవది పిల్లల ఒంటి పరిస్థితి, ముఖ్యంగా గుండె, రక్తం. నాలుగవది, చాలామంది పైకి చెప్పనిది: మళ్ళీ రాగలరా లేదా? ములుగు ఏజెన్సీ గూడెం నుంచి కూలి పోగొట్టుకుని వచ్చిన తండ్రికి ఆరు నెలలకొకసారి రమ్మనే వైద్యం చెప్పేముందు వైద్యులమైన మేము ఆలోచించాలి.

## పీకకుండా నడిచే మూడు దారులు

మందు పూసి ఆపడం. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని పుచ్చిన చోట పూస్తే పుచ్చు ముందుకు పోకుండా చాలావరకు ఆగుతుంది. సూది లేదు, డ్రిల్లింగ్ లేదు, రెండు నిమిషాల పని. కుర్చీలో కూర్చోనివ్వని రెండు మూడేళ్ళ పిల్లలకు ఇది గొప్ప మేలు. అయితే మందు తగిలిన పుచ్చు నల్లగా మారుతుంది, ఆ నలుపు పోదు. ముందు పళ్ళకు వేసేముందు తల్లిదండ్రులకు నేను ఫొటోలు చూపించి, వాళ్ళు ఒప్పుకున్నాకే వేస్తాను. రాత్రి నొప్పి ఉన్న పన్నుకు, చీము పట్టిన పన్నుకు ఇది పనిచేయదు.

సిమెంటు నింపడం, క్యాప్ వేయడం. పుచ్చు చిన్నదైతే నింపడం చాలు. దవడపన్నులో రెండు పక్కలా పుచ్చితే నింపినది తరచూ ఊడుతుంది; అక్కడ స్టీలు క్యాప్ మేలు. నరం బాగున్న పన్నుకు పుచ్చు గీకకుండా, సూది వేయకుండా నేరుగా క్యాప్ తొడిగే హాల్ పద్ధతి కూడా ఉంది. కొద్ది రోజులు కొరుకు ఎత్తుగా తగులుతుంది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. “వెండి పన్ను” అని బడిలో తోటి పిల్లలు అంటారేమో గాని, పాలపన్ను ఊడినప్పుడు ఆ క్యాప్ కూడా దానితోనే వచ్చేస్తుంది.

నరానికి వైద్యం. పుచ్చు నరం పైభాగం వరకే చేరితే ఆ భాగం తీసి మందు పెట్టి మూస్తారు; దీనిని పల్పాటమీ అంటారు. వేర్లలోని నరం కూడా చెడితే మొత్తం శుభ్రం చేసి, వేరుతో పాటే కరిగిపోయే మందు నింపుతారు, అది పల్పెక్టమీ. రెండింటి మీదా క్యాప్ వేయాలి, లేకపోతే పన్ను చిట్లిపోతుంది. ఖర్చు పీకించడం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, సూది తప్పదు, పల్పెక్టమీకి ఒక్కోసారి రెండు మూడు సార్లు రావాలి. అయినా ఐదేళ్ళ పిల్లల వెనుక దవడపన్ను విషయంలో నా మొదటి సలహా ఇదే. వేర్లు సగానికి పైగా కరిగిపోయినా, వేర్ల మధ్య ఎముక తినేసినా ఈ దారి మూసుకుపోయినట్టే.

## పీకడం: ప్రమాదాలు ఎక్కడెక్కడ ఉన్నాయి

కుర్చీలో. పాల దవడపన్ను ఎక్స్‌రేను వెలుతురు మీద పెట్టి తల్లిదండ్రులకు చూపిస్తే చాలామంది నిశ్శబ్దమైపోతారు. పుచ్చిన పన్ను వేర్లు పట్టకారు కాళ్ళలా విడివడి ఉంటాయి. ఆ రెండు కాళ్ళ మధ్య, గూటిలో గుడ్డులా, రాబోయే శాశ్వత పన్ను తల కూర్చుని ఉంటుంది. పాలపన్నును మొరటుగా లాగితే ఆ లోపలి మొగ్గ కదలవచ్చు, దాని పైపొర దెబ్బతినవచ్చు, అరుదుగా అది కూడా పాలపన్నుతో పాటు బయటికి రావచ్చు. పాలపళ్ళ వేర్లు సన్నగా ఉంటాయి కాబట్టి కొస విరగడం మామూలే. ఆ ముక్క మొగ్గకు దగ్గరగా ఉంటే, తవ్వి తీయడం కంటే వదిలేసి గమనించడమే మంచి పద్ధతి. ఎక్కువసార్లు అది దానంతటదే కరిగిపోతుంది. ఇలా వదిలేసిన వైద్యులను తల్లిదండ్రులు నిర్లక్ష్యం అనుకుంటారు. కాదు, అది తెలిసి తీసుకున్న నిర్ణయం.

మొద్దుబారే సూది మోతాదు గురించి కూడా చెప్పాలి. లిడోకెయిన్‌కు పిల్లల్లో సాధారణంగా అనుసరించే పరిమితి కిలో బరువుకు 4.4 మిల్లీగ్రాములు. పదిహేను కిలోల పిల్లవాడికి అది 66 మిల్లీగ్రాములు, అంటే మామూలుగా వాడే రెండు శాతం మందు 3.3 మిల్లీలీటర్లు మాత్రమే. నోటికి నాలుగు మూలలా ఉన్న పళ్ళను ఒకే రోజు పీకేయమని అడిగినప్పుడు, మళ్ళీ రావడం ఎంత కష్టమైనా, నేను ఒప్పుకోకపోవడానికి ఇదొక కారణం. సూదికి ముందు పిల్లల బరువు చూడని చోట ఆ ఒక్క పని చేయమని మీరే అడగండి.

పీకిన పన్ను జారి గొంతులోకి పోవడం అరుదు, కానీ ఏడుస్తూ తల విదిలించే పిల్లల్లో ఆ భయం ఉంటుంది. అందుకే నోటి వెనుక గాజుగుడ్డ అడ్డు పెడతాము.

ఆ సాయంత్రం. రక్తం కాసేపు కారడం సహజం. అరగంట పాటు గాజుగుడ్డ గట్టిగా కొరికి పట్టుకుంటే ఆగాలి. పెద్దవాళ్ళను బాధించే డ్రై సాకెట్ (పీకిన గుంతలో రక్తపు గడ్డ నిలవక వచ్చే నొప్పి) పిల్లల్లో అరుదు. నేను ఎక్కువగా చూసే సమస్య పెదవి కొరుక్కోవడం. కింది దవడకు సూది వేస్తే పెదవి, చెంప రెండు మూడు గంటలు మొద్దుబారి ఉంటాయి. ఆ వింత స్పర్శ నచ్చి పిల్లలు నమిలేస్తారు, ఇంట్లో వాళ్ళు గమనించరు. మరునాడు పొద్దున పెదవి వాచి, మీద తెల్లటి పొర కట్టి, పన్ను పీకిన చోటి కంటే భయంకరంగా కనిపిస్తుంది. చీము పట్టిందనుకుని తల్లిదండ్రులు పరుగెత్తుకొస్తారు. ఆ తెల్లపొర మానుతున్న పుండే, యాంటీబయాటిక్ అక్కరలేదు. పిల్లవాణ్ణి తిరుగు బస్సులో నిద్రపుచ్చకుండా, మొద్దుదనం పోయేదాకా పెదవి మీద ఒక కన్ను వేసి ఉంచితే ఈ బాధే ఉండదు.

ఏళ్ళ తరువాత. ఇదే అసలు నష్టం. వెనుక పాల దవడపన్ను పోగానే, దాని వెనుక ఉన్న ఆరేళ్ళ దవడపన్ను ముందుకు వాలుతుంది. ఖాళీ తగ్గడం చాలావరకు మొదటి ఆరు నెలల్లోనే జరుగుతుంది. పదకొండేళ్ళకు రావలసిన చిన్న దవడపన్నుకు చోటు లేక ఎముకలోనే ఇరుక్కుంటుంది, లేదా నాలుక వైపుకు వంకరగా లేస్తుంది. ఆనాడు పీకడానికి పెట్టిన ఖర్చు, ఆ తరువాత క్లిప్పుల కోసం పెట్టే ఖర్చు పక్కపక్కన పెట్టి చూడండి. ఇంకొక చిక్కు కూడా ఉంది: మరీ చిన్నప్పుడు పీకితే గాయం మీద ఎముక కట్టుకుపోయి శాశ్వత పన్ను రావడం ఆలస్యమవుతుంది, ఊడే వయసుకు దగ్గరలో పీకితే త్వరగా వస్తుంది.

## పీకించి, ఖాళీని కాపాడటం

పీకక తప్పనప్పుడు పక్క పన్నుకు లోహపు పట్టీ వేసి, ఖాళీ మీదుగా ఒక తీగ ఉచ్చు పెట్టి, వెనుక పన్ను ముందుకు రాకుండా ఆపవచ్చు. దీనిని స్పేస్ మెయింటెయినర్ అంటారు. సిమెంటు కరిగి పట్టీ వదులవుతుంది, కింద అన్నం చేరి ఇంకొక పుచ్చు మొదలవుతుంది, తీగ విరుగుతుంది. ఆరు నెలలకొకసారి చూపించుకోవలసిందే. వేయించుకుని మళ్ళీ కనబడని కుటుంబానికి దీనివల్ల మేలు కంటే కీడే ఎక్కువ జరగవచ్చు. మొదటి పాల దవడపన్ను పోయి, ఆరేళ్ళ దవడపళ్ళు గట్టిగా కుదురుకుని ఉంటే ఖాళీ అంతగా తగ్గదు. అక్కడ దీనిని వేయకుండా గమనించడమూ సరైన నిర్ణయమే. రెండవ పాల దవడపన్ను విషయంలో నేను రాజీపడను. ముందు పళ్ళకు ఇది సాధారణంగా అవసరం లేదు.

| | రాత్రి నొప్పికి పనికొస్తుందా | సూది | మళ్ళీ రావడం | ఖాళీ నిలుస్తుందా |
|---|---|---|---|---|
| మందు పూయడం | లేదు | లేదు | ఏడాదికి రెండుసార్లు | నిలుస్తుంది |
| నింపడం, క్యాప్ | లేదు | కొన్నిసార్లు | తక్కువ | నిలుస్తుంది |
| నరం వైద్యం, క్యాప్ | అవును | తప్పదు | ఒకటి నుంచి మూడుసార్లు | నిలుస్తుంది |
| పీకడం మాత్రమే | అవును | తప్పదు | ఖాళీ కొలిపించుకోవడానికి మాత్రమే | దవడపళ్ళ దగ్గర తగ్గుతుంది |
| పీకి, ఖాళీ కాపాడటం | అవును | తప్పదు | ఆరు నెలలకొకసారి, ఏళ్ళ తరబడి | చాలావరకు |

## మీ పిల్లల సంగతి ఇందులో ఏది?

ఆరేళ్ళ లోపు, వెనుక దవడపన్ను, చెంప వాపు లేదు: ఖర్చు భరించగలిగితే నిలుపుకోండి. ఆరేళ్ళ దవడపన్ను ఇంకా రాకముందే రెండవ పాల దవడపన్ను పోతే చోటు కాపాడటం చాలా కష్టం, దానికి వాడే పరికరం కూడా చిగురు లోపలికి దిగేది. అందుకే ఈ వయసులో పీకడం ఆఖరి మాట కావాలి.

పదేళ్ళు దాటి, ఎక్స్‌రేలో శాశ్వత పన్ను పైకి వచ్చేసి, పాలపన్ను వేర్లు కరిగిపోయి ఉంటే పీకించండి. అక్కడ నరం వైద్యం, క్యాప్ ఎవరు చెప్పినా ఒక్కసారి ఎందుకని అడగండి.

ఆరేడేళ్ళ పిల్లలకు కింది ముందు పళ్ళ వెనుక రెండవ వరుస లేచిందని చాలామంది కంగారుగా వస్తారు. పాలపన్ను కదులుతుంటే కొన్ని వారాలు ఆగవచ్చు. నాలుకతో నెట్టుతూ ఉంటే ఎక్కువగా అదే ఊడుతుంది. కొత్త పన్ను సగం పైకి వచ్చినా పాతది బిగుసుకుని ఉంటే పీకడం చిన్న పని, ప్రమాదమూ తక్కువే.

ఆరేళ్ళ దవడపన్నే ఎనిమిది, పదేళ్ళ మధ్య బాగా చెడిపోతే లెక్క తిరగబడుతుంది. ఆ వయసులో సరైన సమయం చూసి పీకితే, వెనుక నుంచి రాబోయే పన్నెండేళ్ళ దవడపన్ను ఆ స్థానంలోకి జరిగే అవకాశం ఉంది. పై దవడలో ఇది మరింత బాగా జరుగుతుంది. ఇది ఎక్స్‌రే చూసి, క్లిప్పులు వేసే వైద్యుల సలహా కూడా తీసుకుని చేయవలసిన నిర్ణయం.

పుట్టుకతో గుండెజబ్బు ఉన్న పిల్లల విషయంలో నేను పైన చెప్పినదంతా పక్కన పెట్టాలి. గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ సోకే ముప్పు ఉన్నవాళ్ళకు, చెడిన నరాన్ని వైద్యం చేసి నోట్లో ఉంచడం కంటే పీకడమే క్షేమం, అది కూడా గుండె వైద్యులు చెప్పిన యాంటీబయాటిక్ ముందుగా ఇచ్చి. రక్తం ఆగని జబ్బు ఉన్నవాళ్ళకు దీనికి పూర్తిగా వ్యతిరేకం: పీకడమే అతి పెద్ద ప్రమాదం, నిలుపుకోవడానికి ఉన్న ప్రతి దారీ ముందు చూడాలి. హీమోఫీలియా తల్లి వైపు నుంచి కొడుకులకు వస్తుంది కాబట్టి, మగపిల్లవాడి పన్ను పీకే ముందు మేనమామల్లో ఎవరికైనా దెబ్బ తగిలితే రక్తం ఆగేది కాదా అని నేను తప్పక అడుగుతాను. మేనరికం ఉన్న కుటుంబాల్లో ఇతర అరుదైన రక్తస్రావ జబ్బులు కూడా బయటపడే అవకాశం ఎక్కువ. ములుగు, ఆదిలాబాద్ వైపు కోయ, గోండు కుటుంబాల పిల్లలకు సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్ష అయిందో లేదో చూడాలి. ఆ జబ్బు ఉంటే ఒంట్లో నీరు తగ్గడం, చలి, ఇన్ఫెక్షన్ కూడా ఒళ్ళంతా నొప్పుల దాడిని తెస్తాయి. వానాకాలంలో జ్వరంతో వచ్చిన పిల్లలకు డెంగీ అనుమానం ఉంటే ప్లేట్‌లెట్లు చూడకుండా పీకకూడదు, నొప్పికి ఐబుప్రొఫెన్ ఇవ్వకూడదు.

చెంప వాచి, జ్వరంతో పాటు నోరు తెరవలేక, మింగలేక, దవడ కింద గట్టిపడితే అది పోలికలు చూసుకునే సమయం కాదు. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి ఆ గంటలోనే తీసుకెళ్ళండి. మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని రెండు రోజులు చూద్దామనుకోవడం వాపును కప్పిపెడుతుందే తప్ప మూలాన్ని తీయదు.

డబ్బు లేక పీకించుకునేవాళ్ళకు ఒక మాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో భాగంగా అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే బృందాలు దంత సమస్యలు కూడా చూస్తాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాలలో, ఖమ్మంలోని మమత దంత కళాశాలలో పిల్లల దంత వైద్య విభాగాలు ఉన్నాయి. దూరమే, కానీ నాలుగేళ్ళ పాప వెనుక దవడపన్ను కోసమైతే ఆ ప్రయాణం దండగ కాదు.

## మత్తు ఎంత?

కూర్చుని మాట వినే పిల్లలకు మొద్దుబారే సూది చాలు. భయపడే పిల్లలకు మెలకువ ఉంచుతూనే నెమ్మదింపజేసే వాయువు ఉంది. పూర్తి మత్తు ఆసుపత్రిలో, మత్తు వైద్యుల చేతుల్లోనే జరగాలి; ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు ఆపాలి, నీళ్ళు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. దానికి సొంత ప్రమాదాలు ఉన్నాయి గనుక ఒక్క పన్ను కోసం నేను సూచించను. నలుగురు పట్టుకుని బలవంతాన పీకించడం మాత్రం ఎవరూ ఎంచుకోవద్దు. ఆ భయం పిల్లలను పెద్దయ్యాక కూడా దంతవైద్యుల దగ్గరికి రానివ్వదు.

## పీకించాక

ఆ రోజు పుక్కిలించనివ్వకండి, స్ట్రాతో తాగనివ్వకండి. లోపల కట్టిన రక్తపు గడ్డ కదిలితే మళ్ళీ రక్తం మొదలవుతుంది. చల్లటి పెరుగన్నం, జావ పెట్టండి. సంక్రాంతి రోజులైతే సకినాల డబ్బా రెండు మూడు రోజులు అందకుండా ఉంచాలి, వాటి ముక్కలు గాయంలో గుచ్చుకుంటాయి. నొప్పికి పారాసిటమాల్, కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన, ఆరు గంటల ఎడంతో ఇవ్వండి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు, చిగురు మీద పెట్టనూ కూడదు. మరునాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు మంచివి. గంట సేపు గుడ్డ గట్టిగా కొరికి పట్టుకున్నా రక్తం ఆగకపోయినా, మూడవ రోజు వాపు తగ్గకుండా పెరిగినా ఫోన్ చేయకుండా నేరుగా రండి. అంతా బాగున్నా ఆరు నెలలకొకసారి వచ్చి ఆ ఖాళీని కొలిపించుకోండి.